పాత భారీ ట్రక్కులు బాగుచేసే పనిలో భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా చివరి ఏడాది చదువుతున్నాడు. కంపెనీ ఉద్యోగం వద్దు, 1950-70ల నాటి భారీ ట్రక్కులను విప్పి మళ్లీ రోడ్డెక్కించే పని నేర్చుకుంటానంటున్నాడు. పార్ట్సే దొరకని బండ్ల మీద బతుకుతెరువు సాగుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక తండ్రి

జవాబు: సాగుతుంది. కాకపోతే పార్ట్సు వెతకడం నేర్చుకుంటేనే. రెంచీ పట్టేవాళ్లకు కొదవలేదు. అరిగిపోయిన ముక్కను చేతిలోకి తీసుకుని ఇది ఏ కంపెనీ యాక్సిల్‌ది, ఇంకే బండ్లలో వాడారు, ఏ కొలతలతో అడగాలి అని చెప్పగలిగేవాళ్లే తక్కువ. మీ అబ్బాయి వాళ్లలో ఒకడు కావాలి.

కార్లకూ ఈ బండ్లకూ పెద్ద తేడా ఉంది. పాత అమెరికన్ భారీ ట్రక్కుల్లో చాలావరకు తలా ఒక కంపెనీ సామాను తెచ్చి కూర్చినవే. ముందు కెన్‌వర్త్ అనో పీటర్‌బిల్ట్ అనో పేరుంటుంది. లోపల ఇంజిన్ కమిన్స్‌దో డెట్రాయిట్ డీజిల్‌దో, గేర్‌బాక్స్ ఫుల్లర్‌ది, యాక్సిల్ టిమ్‌కెన్-డెట్రాయిట్‌దో ఈటన్‌దో అయి ఉంటుంది. ఇంజిన్, గేర్‌బాక్స్, యాక్సిల్ చాలావరకు సొంతంగా చేసుకున్న మ్యాక్ లాంటి కంపెనీలు వేరే లెక్క. 1953-66 మధ్య వచ్చిన మ్యాక్ బి సిరీస్‌కు అభిమానులు ఎక్కువ కాబట్టి దాని సామాను కోసం పోటీ కూడా ఎక్కువే. అందుకే బండి పేరు, సంవత్సరం చెప్పి పార్టు అడిగితే పని జరగదు. ఏ యూనిట్‌కు ఆ యూనిట్ ప్లేటు చదవాలి. కమిన్స్ డేటా ప్లేటు మీద ఇంజిన్ సీరియల్ నంబరు ఉంటుంది, తర్వాతి కాలం వాటి మీద సీపీఎల్ నంబరు (ఆ ఇంజిన్‌లో ఏయే భాగాలు వేశారో చెప్పే జాబితా నంబరు) కూడా. యాక్సిల్, గేర్‌బాక్స్‌ల ట్యాగులు మట్టి, గ్రీజు కింద పూడిపోయి ఉంటాయి. వాటిని వైర్ బ్రష్‌తో గట్టిగా రుద్దితే అంకెలే పోతాయి. డీజిల్‌తో నానబెట్టి గుడ్డతో తుడవాలి.

ప్లేటు లేకపోతే కొలతే దిక్కు. ముందు చక్రం హబ్ విప్పారనుకోండి. బేరింగ్ కోను (లోపలి రింగు) మీద హెచ్‌ఎం212049, కప్పు (బయటి రింగు) మీద హెచ్‌ఎం212011 అని కనిపిస్తే అది 66.675 మిల్లీమీటర్ల బోరున్న టేపర్ బేరింగ్. ఇప్పటి భారీ వాహనాల్లోనూ వాడుతున్న రకమే కాబట్టి ఏ బేరింగ్ దుకాణంలోనైనా దొరుకుతుంది, పాత ట్రక్కు పేరెత్తే పనే లేదు. ఆయిల్ సీల్‌కైతే షాఫ్ట్ వ్యాసం, హౌసింగ్ బోరు, వెడల్పు ఈ మూడూ చాలు. పాత సీల్‌ను కొలిచి సరిపెట్టుకోకూడదు. అది ఉబ్బిపోయి ఉంటుంది. షాఫ్ట్‌నే కొలవాలి. సీల్ పెదవి రాసుకున్నచోట షాఫ్ట్ మీద గాడి పడి ఉంటే కొత్త సీల్ వేసినా కారుతుంది. దాని మీద ఎక్కించే పల్చటి స్టీలు తొడుగులు దొరుకుతాయి, మందం 0.28 మిల్లీమీటర్లే. షాఫ్ట్ మార్చే ఖర్చు తప్పుతుంది.

‘కొత్తదే, డబ్బా కూడా తెరవలేదు’ అంటూ అమ్మే పాత స్టాకు దగ్గర కుర్రాళ్లు ఎక్కువగా మోసపోతారు. గేర్లు, షాఫ్టులు, పోత సామాను అయితే బంగారమే. రబ్బరు మాత్రం డబ్బాలో ఉన్నా ముసలిదవుతుంది. బ్రేక్ డయాఫ్రమ్‌లు, హోస్‌లు, సీళ్లు అలాంటివి ఉచితంగా ఇచ్చినా బిగించకూడదు. బేరింగ్ అయితే గట్టిపడిన గ్రీజు కడిగేసి రోలర్ల మీద తుప్పు చుక్కలు ఉన్నాయేమో వెలుతుర్లో చూడాలి.

ఇంకో మంచి దారి పడవలు, జనరేటర్లు. డెట్రాయిట్ డీజిల్ 71 సిరీస్ 1938లో వచ్చింది. ఒక్కో సిలిండర్ 71 ఘనపు అంగుళాలు కాబట్టి ఆ పేరు. ఆరు సిలిండర్ల 6-71 ఇంజిన్ ట్రక్కుల్లో, బస్సుల్లో, పడవల్లో, జనరేటర్ సెట్లలో అన్నిటా నడిచింది. కాబట్టి పడవ ఇంజిన్ నుంచి ట్రక్కుకు చాలా సామాను పనికొస్తుంది. అయితే ఈ ఇంజిన్లు కుడి తిరుగుడు, ఎడమ తిరుగుడు రెండు రకాలుగానూ వచ్చాయి. మోడల్ నంబరు చూడకుండా క్యామ్ షాఫ్టో, ఇంజిన్‌లోకి గాలి నెట్టే బ్లోయరో కొంటే డబ్బు నీళ్లపాలు.

ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఇలాంటి ఇంజిన్‌ను పరీక్షించే పద్ధతి తెలిస్తే మీ అబ్బాయికి ఈ పని స్వభావం అర్థమవుతుంది. మరో బండికి కట్టి లాగించి తిప్పకూడదు. పట్టేసిన పిస్టన్ రింగు విరిగి లైనర్‌ను (సిలిండర్ లోపలి తొడుగును) గీసేస్తుంది. 71 సిరీస్‌లో బ్లాకు పక్కన ఎయిర్ బాక్స్ మూతలు ఉంటాయి. అవి విప్పి, ఇంజిన్ తిరిగే స్థితిలో ఉంటే చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ లైనర్‌కు గాలి వెళ్లే రంధ్రాల్లోంచి (పోర్టుల్లోంచి) టార్చ్ వేస్తే హెడ్డు దించకుండానే లైనర్, పిస్టన్, రింగులు కనిపిస్తాయి. చెక్కపుల్లతో రింగును లోపలికి నొక్కితే స్ప్రింగులా వెనక్కి రావాలి. రాలేదంటే గాడిలో పట్టేసిందని అర్థం. స్టార్ట్ చేసే ముందు ఇంజెక్టర్ ర్యాకులన్నీ (డీజిల్ మోతాదు మార్చే కడ్డీలు) చేత్తో కదిపి చూడాలి. ఒక్కటి ఫుల్ డీజిల్ దగ్గర ఇరుక్కున్నా వేగాన్ని అదుపు చేసే గవర్నర్ మాట వినకుండా ఇంజిన్ వేగం పెరిగి పేలేదాకా పోతుంది. గాలి దారి మూసేందుకు బల్లపరుపు పలక పక్కనే ఉండాలి. చెయ్యి అడ్డం పెట్టకూడదు. ఆయిల్ విషయంలోనూ జాగ్రత్త, ఈ టూ-స్ట్రోక్ ఇంజిన్‌కు తయారీదారు చెప్పింది ఎస్‌ఏఈ 40 సింగిల్ గ్రేడ్.

కమిన్స్ 855 ఇంజిన్ల కుటుంబంలో అసలు పరీక్ష లైనర్ అంచు బ్లాకు పైకి ఎంత లేచి ఉందన్నది. 0.003 నుంచి 0.006 అంగుళాల లోపు ఉండాలి. తక్కువైతే హెడ్ గ్యాస్కెట్ లీకవుతుంది, ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువైతే లైనర్ అంచే పగులుతుంది. డయల్ గేజ్‌తో చుట్టూ నాలుగు చోట్ల చూసి, కింద షిమ్ (పల్చటి రేకు) వేసి సరిచేస్తారు. క్రాంక్ గ్రైండింగ్‌కు ఇచ్చేటప్పుడు జర్నల్ (బేరింగ్‌లో తిరిగే భాగం) మూలలో ఉండే గుండ్రటి వంపు పాత కొలతలోనే ఉంచమని కాగితం మీద రాసివ్వాలి. అక్కడ పదునుగా కోస్తే క్రాంక్ సరిగ్గా అక్కడే విరుగుతుంది.

ఎక్కడా దొరకని పార్టు వస్తే పోత పోయించాలి. అరిగిన ముక్కను యథాతథంగా నకలు చేస్తే అరుగుదల కూడా నకలవుతుంది కాబట్టి దానికి ఎదురు బిగే భాగాన్ని కొలిచి గీయాలి. పోత ఇనుము చల్లారేటప్పుడు దాదాపు 1 శాతం కుంచించుకుంటుంది. ప్యాటర్న్ (పోత అచ్చు తీసే నమూనా) అంత పెద్దదిగా ఉండాలి, మెషీనింగ్‌కు అదనం వేరు. స్టీరింగ్, బ్రేకు భాగాలకు మాత్రం ఈ దారి వద్దు. మీ అబ్బాయికి ఇప్పటికే డ్రాయింగ్, క్యాడ్ వచ్చు కాబట్టి పాత మెకానిక్‌ల కంటే అతను ముందుండేది ఇక్కడే.

ఇక మొదలు. నేరుగా పాత బండ్ల షెడ్డులో చేరొద్దు. రెండేళ్లు ఇప్పటి భారీ వాహనాల వర్క్‌షాప్‌లో ఎయిర్ బ్రేకులు, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ పని చేయనివ్వండి. అక్కడ వారంలో చూసే ఫెయిల్యూర్లు పాత బండి షెడ్డులో ఏడాదికీ రావు. ఆ తర్వాత ఆరు నెలలు లేత్, గ్రైండింగ్ పని ఉన్న మెషిన్ షాపులో, మరో ఆరు నెలలు పార్ట్స్ కౌంటర్‌లో. కౌంటర్ ఉద్యోగమంటే చదువుకున్న పిల్లలు చిన్నచూపు చూస్తారు కానీ క్యాటలాగ్ చదవడం, ఒక కంపెనీ నంబరుకు మరో కంపెనీ నంబరు పట్టుకోవడం ఇంకెక్కడా రాదు.

ఆదాయం నిలకడగా ఉండదని ముందే తెలుసుకోండి. పూర్తి బండి ఒప్పుకుంటే నెలలు కాదు, ఏళ్లు పట్టొచ్చు. మధ్యలో యజమాని ఉత్సాహం తగ్గితే షెడ్డులో చోటు, మీ డబ్బు రెండూ ఇరుక్కుంటాయి. స్టార్టర్లు, డైనమోలు, స్టీరింగ్ బాక్సులు, ఎయిర్ వాల్వుల రీబిల్డ్‌తో మొదలుపెట్టి, పూర్తి బండి తీసుకుంటే విప్పడానికి విడిగా, అంచనా ఇచ్చాక దశలవారీగా బిల్లు వేయాలి. విప్పకుండా మొత్తం ధర చెప్పడం ఈ రంగంలో దివాళాకు దగ్గరి దారి.

చేర్చే ముందు మీరే ఒకసారి ఆ వర్క్‌షాప్‌కు వెళ్లి చూడండి. లాకు రింగు ఉన్న రిమ్ములకు ఇనుప బోను లోపల పెట్టి గాలి కొడుతున్నారా? జంట టైర్ల వీల్ నట్లు వదులు చేసేముందు రెండింట్లోనూ గాలి తీసేస్తున్నారా? స్ప్రింగ్ బ్రేక్ చాంబర్‌ను, లోపలి స్ప్రింగును నొక్కి పట్టే కేజింగ్ బోల్టుతో బంధించకుండా విప్పుతున్నారా? పాత బ్రేక్ లైనింగ్ దుమ్మును గాలి పైపుతో ఊదుతున్నారా? అందులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. వేడి శుద్ధి చేసిన ఛాసీ లాంగ్ మెంబర్ మీద వెల్డింగ్ పెడుతున్నారా? మొదటి రెండింటిలో ఏ ఒక్కటి చేయకపోయినా, తర్వాతి మూడింటిలో ఏ ఒక్కటి చేస్తున్నా ఆ షెడ్డు వదిలేసి ఇంకోటి చూడండి.