నైస్‌గా రుబ్బిన పిండి

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే మూడు పేజీల్లో ఏడు చోట్ల 'నైస్' కనబడింది. చీర నైస్, కాఫీ నైస్, చివరికి పోయిన తాతగారు కూడా చాలా నైస్ మనిషి. ఇంగ్లీషు మాట వాడావని నాకేం కోపం లేదు. మనం రోజూ అలాగేగా మాట్లాడేది!

అసలు ఇదొకప్పుడు తిట్టు. లాటిన్‌లో 'నెస్కియుస్' అంటే ఏమీ తెలియనివాడు. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చేటప్పటికి నైస్ అంటే తెలివితక్కువ అనే అర్థం. తర్వాత చాదస్తానికీ, సుకుమారానికీ, సూక్ష్మానికీ వాడారు. ఇప్పటికీ 'నైస్ డిస్టింక్షన్' అంటే వెంట్రుకవాసి తేడా. 'బాగుంది' అనే అర్థం 18వ శతాబ్దంలో పట్టుబడింది, ఇక దానికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. 1817 చివర్లో వచ్చిన 'నార్తాంగర్ ఆబీ' నవలలో జేన్ ఆస్టెన్ అప్పుడే దీన్ని ఏడిపించింది. హీరోయిన్ ఒక పుస్తకాన్ని నైస్ అనగానే హెన్రీ అందుకుని, ఇవాళ రోజు నైస్, మన షికారు నైస్, మీరిద్దరూ నైస్ అని ఆటపట్టిస్తాడు. నీ కథ చదువుతుంటే వాడే గుర్తొచ్చాడు.

మన ఇళ్లలో ఈ మాట ఇంత సోమరిగా ఉండదు. మా ఆవిడ గ్రైండర్ మూత తీసి, పిండి రెండు వేళ్ల మధ్య రాసి చూసి, "ఇంకా పలుకు తగులుతోంది, నైస్‌గా రాలేదు" అంటుంది. దోసెలకి నైస్‌గా, గారెలకి కాస్త బరకగా. చూశావా, అక్కడ దానికి 'బరక' అని ఎదురుమాట ఉంది, వేలికి తగిలే అర్థం ఉంది. చదివింపుల వేళకి మావయ్య నైస్‌గా జారుకున్నాడంటే ఆ అడుగుల చప్పుడు కూడా వినపడదు. అత్తని నైస్ చేసి డబ్బు లాగాడంటే ఇక వివరించక్కర్లేదు.

తాతగారి సంగతి. ఇంటికొచ్చినవాళ్ల చెప్పులు ఎండలో ఉంటే నీడలోకి జరిపేవాడని రాశావు. ఆ పక్క వాక్యంలోనే 'చాలా నైస్ మనిషి' అన్నావు. ఆ రెండోది కొట్టేశాను. ఏమైనా తగ్గిందేమో నువ్వే చూసుకో.

వదిన నోట్లోది మాత్రం ఉంచాను. "మీ చీర నైస్‌గా ఉందండీ" అంటూనే అంచు తిరగేసి చూస్తుంది కదా, ఆవిడకి ఆ మాటే కావాలి. ఆ అబద్ధం భలే కుదిరింది.

కాఫీయే నాకు తేలలేదు. చిక్కగా ఉందా, చేదుగా ఉందా, గ్లాసు చేతిని కాల్చిందా? తాగినదానివి నువ్వు. ఆ ఒక్క పేరా మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు