లాసెన్ అగ్నిపర్వతం రోడ్డు: వీల్‌చైర్‌లో ఉన్న నాన్నగారిని తీసుకెళ్లొచ్చా?

మీ ప్రశ్న చదవగానే మా ఇంటి సంగతే గుర్తొచ్చిందండి. మీ నాన్నగారు వీల్‌చైర్‌లో ఉన్నారు, ఆగస్టులో ఇండియా నుంచి వస్తున్నారు, ఫ్రీమాంట్ నుంచి ఉత్తర కాలిఫోర్నియాలోని లాసెన్ అగ్నిపర్వతం పార్కుకి తీసుకెళ్దామంటే "అక్కడంతా ట్రెక్కింగే, పెద్దాయన కార్లో కూర్చోవాల్సిందే" అని స్నేహితులు అంటున్నారు, వెళ్లాలా మానాలా అని అడిగారు. వెళ్లండి. మా నాన్నకి తుంటి ఎముక విరిగాక ఎవరైనా పట్టుకుంటే నాలుగడుగులు వేస్తారు, అంతకు మించి కుర్చీయే. అయినా అమెరికాలో చూసినవాటిలో ఆయన ఇప్పటికీ ఊళ్లో అందరికీ చెప్పుకునేది లాసెన్ గురించే.

కాకపోతే మొదటిరోజు నేనొక తప్పు చేశాను, అది మీరు చేయకండి. ఎవర్ని అడిగినా బంపస్ హెల్ చూడాలన్నారు కదా అని నేరుగా అక్కడికే వెళ్లాం. పొగలు కక్కే నేల, మరిగే నీటి గుంటలు, నిజంగానే అద్భుతం. కానీ పోనూరానూ సుమారు మూడు మైళ్ల కొండదారి, కింద చెక్కబాట దాకా దిగడానికి మెట్లు, కుర్చీ వెళ్లే దారి కాదు. అమ్మానాన్నల్ని కారు దగ్గరే వదిలి పిల్లలతో మేం వెళ్లాం. తిరిగొచ్చేసరికి రెండున్నర గంటలు దాటింది. "చూశారా, బాగుందా?" అన్నారు నాన్న, అంతే. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మర్నాడు ఆయన కుర్చీ ఎక్కడెక్కడికి వెళ్తుందో అక్కడికే వెళ్లాలనుకున్నాం, వెళ్లాం. తీరా చూస్తే ఆ కొండలో చూడాల్సిన అసలు సంగతి చాలావరకు ఆ చోట్లలోనే ఉంది.

ముందు దారి. రెడ్ బ్లఫ్ ఊరి నుంచి 36వ నంబరు హైవే పట్టుకుని వెళ్లి, 89 మీదకి తిరిగితే పార్కు నైరుతి గేటు వస్తుంది. అక్కడ్నుంచి పార్కు లోపలి రోడ్డు దాదాపు 30 మైళ్లు, ఎక్కి దిగి మాంజనీటా సరస్సు దగ్గర బయటపడుతుంది, అటు నుంచి 44 మీద రెడింగ్. గేటు దాటగానే కోమ్ యా-మా-నీ విజిటర్ సెంటర్ ఉంటుంది. ఆ పేరు ఇక్కడి మైడూ జాతివాళ్ల భాషలో ఈ కొండ పేరే, మంచుకొండ అని అర్థం. లోపలికి కుర్చీ హాయిగా వెళ్తుంది, టాయిలెట్లు బాగుంటాయి. టాయిలెట్ పని అక్కడే పూర్తి చేసుకోండి, తర్వాత చాలాచోట్ల నీళ్లు లేనివే ఉంటాయి, పెద్దవాళ్లకి అది పెద్ద ఇబ్బంది.

అక్కడ్నుంచి ఒక మైలు వెళ్తే సల్ఫర్ వర్క్స్. ఇక్కడ ట్రెక్కింగేమీ లేదు, రోడ్డు పక్కనే బురద మరుగుతూ ఉంటుంది. పార్కింగ్ నుంచి రోడ్డు వెంబడే కాలిబాట ఉంది, కుర్చీ తోసుకుంటూ వెళ్లిపోవచ్చు. బూడిదరంగు బురద చిక్కగా, గుబుక్ గుబుక్ మంటూ పొంగి పగులుతుంటే, గాలి వాటం మారినప్పుడల్లా ఆవిరి మొత్తం మన మీదకొస్తుంది, కుళ్లిన కోడిగుడ్డు వాసన. నాన్న ముందుకి వంగి చాలాసేపు చూసి, "పండక్కి వెల్ల వేయడానికి గుంటలో సున్నం తడిపేవాళ్లం, గుర్తుందా? నీళ్లు పోయగానే అచ్చం ఇలాగే కుతకుతలాడేది" అన్నారు అమ్మతో. నిన్న కార్లో రెండున్నర గంటలు కూర్చున్న మనిషి ఇక్కడ ఇరవై నిమిషాలైనా కదలనన్నారు. ఆ వాసనలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది కాబట్టి ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లని మాత్రం ఎక్కువసేపు ఉంచకండి. పిల్లల చెయ్యి వదలకండి, బాట దిగనివ్వకండి. ఆ నేల పైకి గట్టిగా కనిపించినా కింద మరుగుతుంటుంది. బంపస్ హెల్‌కి ఆ పేరే అలా వచ్చింది: 1860ల్లో బంపస్ అనే ఆయన కాలు పైపెచ్చు పగిలి లోపలికి దిగబడి కాలిపోయింది.

తర్వాత రోడ్డు ఎక్కుతూ ఎక్కుతూ 8,512 అడుగులకి చేరుతుంది. ఊటీ కంటే వెయ్యి అడుగులకి పైనే. చాలాచోట్ల రోడ్డు అంచుకి అడ్డుగోడలుండవు, కళ్లు తిరిగే అలవాటున్నవాళ్లని లోయ కనిపించని వైపు కూర్చోబెట్టండి. ఇంత ఎత్తులో నాన్నకి కొంచెం ఆయాసం వచ్చింది, మాకు టెన్షన్ వచ్చింది, నీళ్లు తాగించి కిందికి దిగాక సర్దుకుంది. బీపీ, గుండె మందులు వాడుతుంటే బయల్దేరే ముందే డాక్టర్ని అడగండి. హెలెన్ సరస్సు ఈ పైభాగంలోనే ఉంది, రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది. అంత నీలం నీళ్లు నేనెక్కడా చూడలేదు. కుర్చీ దింపకపోయినా కారు కిటికీ దించితే చాలు.

ఇక నేను మరీమరీ చెప్పేది డెవాస్టేటెడ్ ఏరియా గురించి. అవతలి వైపు దిగాక వస్తుంది. దాదాపు అర మైలు చుట్టుబాట, వీల్‌చైర్ కోసమే చదును చేసిన గట్టి నేల. ఈ ఒక్క చోటికి గంటన్నర కేటాయించండి, మిగతావి తగ్గినా ఫర్వాలేదు. లాసెన్ శిఖరం 1914 మే నుంచి బుసలు కొడుతూ వచ్చింది, 1915 మే 19 రాత్రి లావా పగిలి మంచు మీద పడి, మంచు కరిగి, రాళ్లూ బురదా కలిసి ఈ లోయలోకి దూసుకొచ్చాయి. మూడు రోజులకి, మే 22న, అసలు పేలుడు. 1980లో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం పేలేదాకా, అలాస్కా, హవాయి తీసేస్తే, అమెరికాలో చివరి పెద్ద అగ్నిపర్వత విస్ఫోటం ఇదే. బాట పక్కన ఆ రోజు దొర్లుకుంటూ వచ్చిన బండలే ఉన్నాయి, ఏది అప్పటి కొత్త లావా, ఏది కొండలోంచి ఊడొచ్చిన పాత రాయి అని బోర్డులు రాసిపెట్టారు. తలెత్తితే పైన శిఖరం, ఆ బండలు బయల్దేరిన చోటు. కొండ, బండ, మధ్యలో మనం, అంతా కుర్చీలో కూర్చునే కనిపిస్తుంది.

నాన్న కుర్చీ ఒక బండకి ఆనించమన్నారు. అరచేయి పెట్టి తడిమారు. గరుకుగా, సన్నసన్న బెజ్జాలతో, మధ్యమధ్య తెల్లగా మెరిసే పలుకులు. మాది కొవ్వూరు దగ్గర పల్లెటూరు, గౌరీపట్నం క్వారీల నల్లరాయి ఆయన చిన్నప్పటి నుంచీ చూసిందే. ఆ రాయి కూడా లావాయే నాన్నా, ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటిది అంటే నమ్మలేదు మొదట. "మరి ఇదో?" అని ఆయన అడిగితే 1915 అన్నాను. "మా నాన్న పుట్టిన ఏడాది" అన్నారు. చెయ్యి తీయలేదు చాలాసేపు. అమ్మ చిన్న రాయి ఒకటి తీసుకుందామంది గానీ పార్కులో రాయి కూడా తీసుకోకూడదు, ఫొటో తీసి ఇచ్చాను.

అక్కడ్నుంచి కొంచెం దూరంలోనే హాట్ రాక్, రోడ్డు పక్కన ఒంటరిగా ఉన్న పెద్ద బండ. కొండ మీద నుంచి ఇంత దూరం కొట్టుకొచ్చి కూడా రోజుల తరబడి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉందట. కార్లోంచే చూసి వెళ్లిపోవచ్చు. చివర్లో మాంజనీటా సరస్సు. చుట్టూ తిరిగే బాట చదునైనదే అంటారు గానీ మట్టిబాట, చెట్ల వేళ్లు, కుర్చీతో మొత్తం తిరగాలనుకోకండి. ఒడ్డున పిక్నిక్ బల్లలున్న చోట కూర్చుంటే చాలు. పులిహోర, పెరుగన్నం అక్కడే తిన్నాం, సాయంత్రం గాలి ఆగినప్పుడు శిఖరం నీళ్లలో తలకిందులుగా కనిపిస్తుంది. దగ్గర్లోనే లూమిస్ మ్యూజియం, 1915 పేలుడు ఫొటోలు తీసిన లూమిస్ అనే ఆయన కట్టించినది. డెవాస్టేటెడ్ ఏరియా చూశాక ఆ ఫొటోలు చూస్తే కథ పూర్తవుతుంది.

కుర్చీ గురించి. మేం ఒక అద్దె దుకాణంలో తెచ్చినది విమానాశ్రయాల్లో వాడే రకం, నాలుగూ చిన్న చక్రాలే. కంకర మీద ముందు చక్రం దిగబడి నాన్న ముందుకి తూలబోయారు, మా అబ్బాయి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. వెనక పెద్ద చక్రాలు, బెల్టు, సరిగ్గా ఆగే బ్రేకులు ఉన్నదే అడిగి తీసుకోండి, దుకాణంలోనే ఒకసారి కూర్చోబెట్టి తోసి చూడండి.

పార్కు ప్రవేశ పాస్ సంగతి కూడా అడిగారు. వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే ఉచిత యాక్సెస్ పాస్ అమెరికా పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే, విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలకి రాదు. ఇక్కడ మామూలు టికెట్ కారుకి కాబట్టి కార్లో ఎంతమందున్నా ఒకటే.

ఆగస్టు మంచి నెలే. మంచు వల్ల ఈ రోడ్డు ఏటా చాలా నెలలు మూసే ఉంటుంది, కొన్నేళ్లు జూన్ చివరికి గానీ పూర్తిగా తెరవరు. కాకపోతే ఆగస్టులో కార్చిచ్చు పొగ రావచ్చు, 2021 డిక్సీ ఫైర్ ఈ పార్కులో సగానికి పైగా కాల్చేసింది, నల్లగా మాడిన మానులు దారిలో కనిపిస్తాయి. బయల్దేరే రోజు పొద్దున్నే గాలి ఎలా ఉందో, రోడ్డు తెరిచుందో పార్కు వెబ్‌సైట్లో చూసుకోండి, లోపల ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు. రాత్రి రెడ్ బ్లఫ్‌లోనో రెడింగ్‌లోనో ఉండి పొద్దున్నే ఎక్కండి. ఆ ఊళ్లలో ఎండ మండిపోతున్నా పైన చలి ఉంటుంది, నాన్నగారికి స్వెటర్, కాళ్ల మీదకి దుప్పటి మర్చిపోకండి. కుర్చీలో కదలకుండా కూర్చునేవాళ్లకి మనకంటే ముందు చలేస్తుంది.

మీ నాన్నగారు కుర్చీలోంచి కార్లోకి తనంతట తను మారగలరా, ఎత్తాలా అన్నది రాయలేదు మీరు. ఎత్తాలంటే సల్ఫర్ వర్క్స్, డెవాస్టేటెడ్ ఏరియా, మాంజనీటా ఒడ్డు, ఈ మూడు చోట్లే దింపండి, మిగతావి కిటికీలోంచే చూపించండి. మేం రెండోరోజు చేసింది అదే.