స్టెంట్ ఎన్నాళ్లు పనిచేస్తుంది?

ప్రశ్న: నాన్నగారికి 62 ఏళ్లు. గుండెపోటు వచ్చి రెండు స్టెంట్లు (గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలి గొట్టాలు) వేసి ఏడు నెలలైంది. గడ్డం గీసుకుంటూ చిన్న గాటు పడినా రక్తం తొందరగా ఆగట్లేదని ఒక మాత్ర మానేస్తానంటున్నారు. అసలు స్టెంట్ ఎన్నేళ్లు పనిచేస్తుంది?

జవాబు: ముందు ఆ మాత్ర మాననివ్వకండి! రక్తం గడ్డకట్టకుండా ఆపే మందులు రెండు వాడుతున్నప్పుడు గాటు నుంచి రక్తం ఆలస్యంగా ఆగడం మామూలే, గుండెపోటు తర్వాత ఆ రెండూ సాధారణంగా 12 నెలలు వాడిస్తారు, ఆ తర్వాత ఎక్కువమందికి ఒక్కటే మిగులుతుంది. మధ్యలో సొంతంగా ఆపేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. మలం నల్లగా పోతున్నా, రక్తం అసలు ఆగకపోయినా వెంటనే డాక్టర్‌కి చూపించండి, మందు మార్చాల్సింది డాక్టరే.

ఇక స్టెంట్‌కి ఎక్స్‌పైరీ డేట్ ఉండదండీ. కొన్ని నెలల్లో దానిమీద పలచటి పొర పెరిగి రక్తనాళం గోడలో కలిసిపోతుంది. కాకపోతే అది సరిచేసేది ఆ ఒక్క చోటునే, కొవ్వు పేరుకునే జబ్బు మిగతా నాళాల్లోనూ ఉంటుంది, చాలామంది మర్చిపోయేది ఇదే. బైపాస్ (అడ్డుపడిన చోటును తప్పించి రక్తానికి కొత్త దారి వేసే ఆపరేషన్) అయినా అంతే, కాలినుంచి తీసి వేసిన సిరల్లో దాదాపు సగం పదేళ్లకు మూసుకుపోతాయి, ఛాతీలోని ధమనిని వాడితే మాత్రం అది ఎక్కువకాలం నిలుస్తుంది. అందుకే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, బీపీ, షుగర్ అదుపు. సిగరెట్ ఉంటే మాత్రం ఈరోజే బంద్.