రాని జీతాన్ని నమ్ముకుని అప్పు చేయకండి

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ డెవలపర్‌ని. సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ (సిస్టమ్ మొత్తం నిర్మాణాన్ని నిర్ణయించే ఉద్యోగం) కావడానికి ఉద్యోగం మానేసి ఏడాది కోర్సులో చేరాలనుకుంటున్నాను. ఫీజు కోసం ఫ్లాట్ 12 శాతం వడ్డీకి 24 నెలల పర్సనల్ లోన్ తీసుకుంటాను. ఇంటి లోన్ ఈఎంఐ జీతంలో 32 శాతం, మిగతా తప్పనిసరి ఖర్చులు 43 శాతం. నెలన్నర ఖర్చులకు సరిపడా పొదుపు ఉంది. ఆరోగ్య బీమా ఆఫీసు ఇచ్చిందే. కొత్త జీతంతో అప్పు తీర్చేయగలనా?

జవాబు: ఆ లోన్ తీసుకోవద్దు. ఇలాంటి ప్రశ్నలు తరచూ వస్తుంటాయి, అన్నింట్లోనూ తప్పు ఒకటే: ఇంకా చేతికి రాని జీతాన్ని ముందే ఖర్చు రాసేసుకోవడం. ఉద్యోగం మానేస్తే మీ పొదుపు రెండో నెల సగానికే అయిపోతుంది. కొత్త ఈఎంఐ కూడా తోడైతే ఇంకా ముందే. ఆ తర్వాత పది నెలలు ఇంటి లోన్ ఎవరు కడతారు? పైగా ఫ్లాట్ వడ్డీ అంటే, కొంత అసలు తీరిపోయినా చివరిదాకా మొదటి అసలు మొత్తం మీదే వడ్డీ వేస్తారు. ఆ 12 శాతాన్ని తగ్గుతున్న అసలు మీద లెక్కిస్తే దాదాపు 21.6 శాతం. ఈ మాట లోన్ అమ్మేవాళ్లు చెప్పరు.

ముందు అత్యవసర నిధి. సాధారణంగా ఆరు నెలల ఖర్చులు చాలంటాను. మీకు మాత్రం తొమ్మిది నెలలు కావాలి. డెవలపర్ పోస్టులతో పోలిస్తే ఆర్కిటెక్ట్ పోస్టులు తక్కువ, ఇంటర్వ్యూలు ఎక్కువ రౌండ్లు సాగుతాయి, చేరాక ప్రొబేషన్ ఉంటుంది. నెల జీతాన్ని 100 అనుకుంటే మీ తప్పనిసరి ఖర్చు 75. తొమ్మిది నెలలకు 675 కావాలి, ఉన్నది 112. మిగిలే 25లో ఒక్క పైసా బయటికి పోనివ్వకపోతే ఆరు నెలల మొత్తం 14 నెలల్లో చేరుతుంది, తొమ్మిది నెలలది 23 నెలల్లో. బోనస్ మొత్తాన్ని ఇందులోనే వేయండి. ఒక నెల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో, మిగతాది లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా డబ్బు వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) పెట్టండి. క్రెడిట్ కార్డు లిమిట్‌ను అత్యవసర నిధిగా లెక్కేసుకునేవాళ్లున్నారు. అది నిధి కాదు, మరో అప్పు.

ఈ నెలలేమీ వృథా కావు. కోర్సు సర్టిఫికెట్ చూసి ఎవరూ ఆర్కిటెక్ట్ పోస్టు ఇవ్వరు, మీరు తీసుకున్న నిర్ణయాలు చూసి ఇస్తారు. ఆ నిర్ణయాలకు అవకాశం ఉద్యోగంలోనే దొరుకుతుంది. మీ టీమ్‌లో ఏ పెద్ద డిజైన్ మార్పు వచ్చినా ఒకటి రెండు పేజీల డెసిషన్ రికార్డు మీరే రాయండి: సమస్య ఏమిటి, ఏ ప్రత్యామ్నాయాలు చూశారు, దేన్ని ఎందుకు ఎంచుకున్నారు, దానివల్ల వచ్చే నష్టమేమిటి. నష్టం దగ్గరే చాలామంది ఆగిపోతారు, ఇంటర్వ్యూలో గుచ్చి అడిగేదీ అదే. సిస్టమ్ 99.9 శాతం సమయం అందుబాటులో ఉండాలంటే నెలకు సుమారు 43 నిమిషాల అంతరాయానికే వీలుందని, దాన్ని 99.99కి పెంచాలంటే సర్వర్ల ఖర్చు ఎంత పెరుగుతుందో లెక్కగట్టి చూపించగలగాలి. క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే సర్వర్లు) సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు వరకే పెట్టుకోండి, చదువు ఉద్యోగం చేస్తూనే సాగుతుంది. అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్ ఇచ్చే సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ సర్టిఫికెట్ గడువు మూడేళ్లే, కాబట్టి ఉద్యోగం మారే ముందు రాయడం మేలు. ఆఫీసే ఫీజు కడతానంటే, మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో చదివి సంతకం పెట్టండి.

ఆఫీసు బీమా సాధారణంగా ఉద్యోగంతోనే ఆగిపోతుంది. సొంత ఆరోగ్య పాలసీ ఇప్పుడే తీసుకోండి, ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (వాటికి బీమా డబ్బు రాని కాలం) ఇప్పటినుంచే లెక్కలోకి వస్తుంది. టర్మ్ కవర్ (మీరు చనిపోతే కుటుంబానికి వచ్చే జీవిత బీమా మొత్తం) కనీసం ఇంటి లోన్ బాకీని దాటాలి. సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడి) అత్యవసర నిధి పూర్తయ్యాకే.

ఆఫర్ వచ్చినప్పుడు వేరియబుల్ పే (పనితీరును బట్టి మారే జీతం), జాయినింగ్ బోనస్ పక్కన పెట్టి, చేతికొచ్చే స్థిర జీతాన్నే ఇప్పటి జీతంతో పోల్చండి. మొదటి ఏడాదిలో మానేస్తే జాయినింగ్ బోనస్ వెనక్కి కట్టాలన్న నిబంధన చాలా ఆఫర్లలో ఉంటుంది. కాబట్టి ఆ ఏడాది గడిచేదాకా ఆ డబ్బు ముట్టుకోకండి.