పాత ఆటల గది: తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

పాత టీవీ గేముల గురించి రెండు నెలల క్రితం ఇదే శీర్షికలో ఒక చిన్న జవాబు రాసినప్పుడు, అది నలభై దాటిన నాలుగైదుగురికి తప్ప ఎవరికీ పట్టదనుకున్నాను. కృష్ణకు అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలు ఆ అంచనాను తప్పు చేశాయి. అందుకని ఈసారి శీర్షిక అంతా వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేము ఆరుగురు మిత్రులం కలిసి మూడేళ్ల క్రితం మా మేడమీది గదిలో పాత టీవీ గేములు ఆడుకునే ఏర్పాటు చేశాము. ప్రతి ఆదివారం సాయంత్రం గది తెరిచి, వచ్చినవారందరినీ ఉచితంగా ఆడనిచ్చేవాళ్లం. మొదటి ఏడాది మెట్ల మీద చెప్పులు పట్టేవి కావు. ఇప్పుడు పదిమంది వస్తే గొప్ప. మా ఆరుగురిలో ఇద్దరు ఉద్యోగాల కోసం హైదరాబాదు వెళ్లిపోయారు, మిగతా ముగ్గురు వాట్సాప్‌లో బొటనవేలు చూపించి ఊరుకుంటారు. ఊడ్చేదీ, వైర్లు కలిపేదీ, పాడైన రిమోట్లు బాగుచేసేదీ నేనే. ఇంట్లో మాటలు పడేదీ నేనే. మూసేద్దామంటే మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీ ఉత్తరంలో ‘నేనే’ అన్న మాట రెండుసార్లు వచ్చింది. జనం తగ్గడం తరువాతి సంగతి, ముందు చూడవలసింది ఆ మాటనే. చాలా ఏళ్ల క్రితం గుంటూరు బ్రాడీపేటలో మేము కొందరం కలిసి ఒక చిన్న పుస్తకాల గది నడిపాము. తాళంచెవి, చందాల లెక్క, ఏ పుస్తకం ఎవరింట్లో ఉందన్న జ్ఞాపకం మూడూ నా దగ్గరే ఉండేవి. నేను టైఫాయిడ్‌తో మంచం పట్టిన రెండు నెలల్లో ఆ గది మూతపడింది. అప్పట్లో మిగతావారిని బాగా తిట్టుకున్నాను. వాళ్లు చేయడానికి నేను ఏ పనీ మిగల్చలేదన్న సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది.

మొదట, ప్రతి ఆదివారమూ తెరవడం మానండి. నెలలో రెండో ఆదివారం, నాలుగో ఆదివారం అని పెట్టుకుని, ఆ రెండు రోజులూ వానొచ్చినా వరదొచ్చినా గది తెరిచి ఉంటుందన్న నమ్మకం కలిగిస్తే చాలు. నాలుగు వారాలూ తెరుస్తామని చెప్పి ఒక వారం పెళ్లి వల్ల, ఒక వారం జ్వరం వల్ల తాళం వేసి ఉంచితే, మెట్లెక్కి వచ్చి తిరిగి వెళ్లినవాడు మళ్లీ రాడు.

ఇక సాయం అడిగే తీరు. ‘ఎవరైనా వచ్చి కాస్త చేయి వేయండి’ అని గ్రూపులో పెడితే, చదివిన ప్రతివాడూ ఇంకొకడు వెళ్తాడులే అనుకుంటాడు. దానికి బదులు ఒక్క మనిషికి ఫోన్ చేసి, మొదలూ చివరా ఉన్న ఒక్క పని చెప్పండి: ‘రెండో ఆదివారం నాలుగింటికి వచ్చి, ఉన్న ఏడు రిమోట్లలో ప్రతి బటనూ నొక్కి చూసి, పనిచేయని రిమోటు తీగకు ఎర్రదారం కట్టి వెళ్లు.’ అది అరగంట పని, ఆ తరువాత అతను ఎలాగూ ఆడుకుంటాడు. మూడోసారి మీరు ఫోన్ చేయకుండానే ఎర్రదారంతో వస్తాడు, ఇది నేను చూసిన సంగతి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒక నోటు పుస్తకం. మీ దగ్గర ఉన్న గేము పెట్టెలేమిటో మీరు రాయలేదు గానీ, ఇలాంటి గదుల్లో మామూలుగా స్థానికంగా అమ్మిన నకలు పెట్టెలతో పాటు, 1983లో జపానులో నింటెండో కంపెనీ విడుదల చేసిన ఫామికామ్, 1985లో అమెరికాలో అదే కంపెనీ అమ్మకానికి తెచ్చిన ఎన్‌ఈఎస్ కూడా ఒకటీ అరా ఉంటాయి. ఫామికామ్‌తో వచ్చే అడాప్టర్ జపాను కరెంటు కోసం, అంటే 100 వోల్టుల కోసం చేసినది. మన గోడ సాకెట్‌లో ఉన్నది 230. ఎన్‌ఈఎస్ అడాప్టర్ తొమ్మిది వోల్టుల ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు) ఇస్తుంది, ఫామికామ్‌కు కావలసింది డీసీ (ఒకే దిశలో పారే కరెంటు), అందులోనూ పిన్ను మధ్య భాగం మైనస్ ఉండాలి. చీకటి గదిలో బల్ల కింద చేయి పెట్టి వెతికితే అన్నీ ఒకేలాంటి నల్లటి దిమ్మలు. ఒకదానిది ఇంకొకదానికి గుచ్చితే ఆ పెట్టెకు అదే ఆఖరి ఆదివారం కావచ్చు. ఈ సంగతి మీకు ఒక్కరికే తెలుసు, తక్కినవారికి మాత్రం ‘అది ముట్టుకుంటే కాలిపోతుందట’ అన్న భయం ఒక్కటే తెలుసు. ముట్టుకోవడానికే భయపడేవాడికి అది తన గది అని ఎప్పటికీ అనిపించదు.

కాబట్టి ఒక్కో పెట్టెకు ఒక్కో పేజీ కేటాయించి, దాని అడాప్టర్ ఏది, ఏ టీవీకి ఏ వైరుతో కలుస్తుంది, ఎప్పుడు ఏ భాగం మార్చారు, ఎవరు మార్చారు అన్నది తెలుగులో, పదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యేలా రాయండి. ఇంట్లో గోళ్లరంగు సీసాలు అడిగి తెచ్చి, పెట్టె వెనకా దాని అడాప్టర్ మీదా ఒకే రంగు చుక్క పెట్టండి. (ఆ వంకన ఇంట్లోవాళ్లను ఒకసారి పైకి పిలిచినట్టూ అవుతుంది.) ఆ తరువాత ఒక ఆదివారం మీరు కావాలనే ఊళ్లో లేకుండా వెళ్లి, తాళంచెవి ఆ ముగ్గురిలో ఒకరికి ఇచ్చి చూడండి. గది ఆలస్యంగా తెరుచుకుంటుంది, ఏదో ఒక వైరు తప్పుగా కలుస్తుంది. తిరిగి వచ్చాక ఆ తప్పు మీద వ్యాఖ్యానం చేయకుండా ఉండడమే మీకు అసలు పరీక్ష.

జనం ఎందుకు తగ్గారన్న దానికి నాకు ఒక అనుమానం ఉంది. తొంభైలలో ఈ ఆటలు ఆడి పెరిగినవాళ్లు రిమోట్ వదలరు. కాంట్రా అనే కాల్పుల ఆటలో మూడు ప్రాణాలూ నిమిషంలో పోగొట్టుకున్న పదేళ్ల పిల్లవాడి చేతిలోంచి దాన్ని లాక్కుని ‘ఇలా ఆడాలి’ అని మొదలుపెట్టి, నాలుగు దశలు దాటేదాకా వాడి వంక చూడరు. నిరుడు ఇలాంటి ఒక గదిలో ఇందుకు పూర్తిగా వేరైన దృశ్యం చూశాను. కొడుకును దిగబెట్టడానికి వచ్చిన ఒక పెద్దమనిషి నిలబడే రిమోట్ అందుకుని, పక్కవారితో ఉల్లి ధర గురించి మాట్లాడుతూనే, పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ అని నొక్కేశాడు. మూడు ఉండవలసిన ప్రాణాలు ముప్ఫై అయ్యాయి. ముప్ఫై ఏళ్లుగా ఆ వరస గుర్తులేదని ఆయనే అన్నాడు, గుర్తున్నది బొటనవేలికి. తరువాత మొదటి రిమోట్ కొడుక్కి ఇచ్చి, తాను రెండోది పట్టుకుని, పిల్లవాడు నడిచినంత దూరమే తానూ నడిచాడు. ఆట బాగా తెలిసినవాడు రెండో రిమోటే పట్టుకోవాలన్న నియమం ఒక్కటి మీ గది తలుపు మీద అంటించండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు మా టీవీ గేము పెట్టె, సుమారు ఇరవై క్యాసెట్లు మూడు రోజులు నీళ్లలోనే ఉన్నాయి. ఎండబెట్టి అటక మీద పెట్టాను. ఇప్పుడు వాటిని ఆటల గది నడిపేవారికి ఇద్దామనుకుంటున్నాను. పనిచేస్తుందో లేదో ఒకసారి ప్లగ్గు పెట్టి చూడవచ్చా? – ఒక గృహిణి, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: పెట్టవద్దమ్మా. నీరు ఆరినా బురద ఆరదు; బోర్డు మీద పొరలా మిగిలి, వానాకాలంలో గాలి తేమను పీల్చుకుని, కరెంటుకు పోకూడని దారి చూపిస్తుంది. ముందుగా ఆ అడాప్టరును పారేయండి. 230 వోల్టులు నేరుగా తాకే చుట్టలోకి బురద వెళ్లిన వస్తువును బాగుచేయబోవడం అనవసరమైన ప్రమాదం.

క్యాసెట్ల మీద మాత్రం ఆశ వదులుకోనక్కరలేదు. ప్లాస్టిక్ డొక్క విప్పితే లోపల ఉండేది అరచేతిలో సగం బోర్డు, దాని మీద ఒకటి రెండు చిప్పులు. మంచినీళ్లలో మెత్తని పాత టూత్‌బ్రష్షుతో మట్టి వదిలేదాకా కడిగి, తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నీడలో రెండు రోజులు ఆరనివ్వాలి. అంచున ఉండే రాగి పళ్లను అదే ద్రవంలో ముంచిన దూది పుల్లతో, నలుపు అంటడం ఆగేదాకా రుద్దాలి. అందరమూ చిన్నప్పుడు చేసినట్టు నోటితో ఊదవద్దు, ఉమ్ములోని తేమే ఆ పళ్లకు తుప్పు తెస్తుంది. ఎక్కడిదాకా ఆడామో గుర్తుపెట్టుకునే కొన్ని క్యాసెట్లలో మూడు వోల్టుల నాణెం బ్యాటరీ ఉంటుంది. అది నీళ్లలోనే అయిపోయి ఉంటుంది, దానితో పాటు మీ పిల్లలు దాచుకున్న ఆట కూడా పోయినట్టే. బ్యాటరీ మార్చుకోవచ్చు, పోయిన ఆట తిరిగిరాదు.

పెట్టెను మాత్రం మెకానిక్కుకే వదలండి. కడిగి ఆరబెట్టాక, కరెంటు ఇవ్వకముందే ఐదు వోల్టుల లైనుకూ గ్రౌండుకూ మధ్య షార్ట్ ఉందేమో మీటరుతో చూసి, పొంగిన కండెన్సర్లు (బోర్డు మీద కరెంటు నిలవచేసే చిన్న డబ్బాలు) ఉంటే మార్చమని చెప్పండి. ఇచ్చేటప్పుడు ‘వరదలో మునిగినది, కరెంటు పెట్టి చూడలేదు’ అని ఒక చీటీ రాసి అంటించి ఇవ్వండి. మాటగా చెబితే తీసుకున్నవారు మరిచిపోతారు, వాళ్ల తరువాత వచ్చినవారు ప్లగ్గు పెట్టేస్తారు.

ప్రశ్న: మా సంఘంవారు కొత్త ఎల్ఈడీ టీవీ కొన్నారు. అన్ని ఆటలూ వస్తున్నాయి గానీ, తుపాకీతో బాతులను కొట్టే ఆటలో ఒక్క బాతూ పడటం లేదు. తుపాకీ పాడైందంటారా? – ఒక విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: తుపాకీ పాడై ఉండకపోవచ్చు, సరిపడనిది టీవీ. 1984 నాటి ఆ డక్‌హంట్‌లో తుపాకీ నుంచి ఏమీ వెలువడదు. దాని గొట్టంలో ఉన్నది వెలుగును చూసే కన్ను మాత్రమే. మీట నొక్కగానే తెర క్షణకాలం పూర్తిగా నల్లబడి, వెంటనే బాతు ఉన్నచోట ఒక తెల్లని పెట్టె మెరుస్తుంది. ముందు చీకటి, ఆ వెంటనే వెలుగు కనబడితే దెబ్బ తగిలినట్టు లెక్క. పిక్చర్ ట్యూబ్ టీవీ బొమ్మను వచ్చింది వచ్చినట్టు అప్పటికప్పుడే గీస్తుంది. కొత్త టీవీ దాన్ని తీసుకుని, సవరించి, ఒకటి రెండు క్షణభాగాలు ఆలస్యంగా చూపిస్తుంది; ఆ సరికి ఆట ‘తగల్లేదు’ అని తేల్చేసి ఉంటుంది. పైగా ఆ కన్ను వెనక ఉన్న సర్క్యూట్ పాత టీవీ గీతల వేగానికి, అంటే సెకనుకు సుమారు పదిహేను వేల గీతలకు, సరిపడేలా చేసినది.

కనుక ఒక డబ్బా టీవీ సంపాదించండి. అడిగితే ఉచితంగా ఇచ్చి, పైగా తీసుకెళ్లినందుకు మీకే కృతజ్ఞతలు చెప్పే ఇళ్లు గుంటూరులో ఇంకా ఉన్నాయి. ఇరవై ఒక్క అంగుళాలదైతే ఇరవై కిలోలకు తక్కువ ఉండదు, తెర వైపు ఛాతీకి ఆనించుకుని ఇద్దరు మోయాలి. వెనక మూత మాత్రం మీరెవరూ విప్పవద్దు. రంగుల పిక్చర్ ట్యూబ్ ఇరవై వేల వోల్టుల పైన నడుస్తుంది, ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులో కరెంటు నిలిచి ఉండవచ్చు.

ప్రశ్న: ఇన్ని పెట్టెలూ క్యాసెట్లూ ఎందుకు? నెట్‌లో దొరికే వేల ఆటలను ఒక చిన్న కంప్యూటరులో ఎక్కించి అందరిచేతా ఆడించవచ్చు కదా? పాతవే కదా, ఎవరు అడుగుతారు? – ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: పాతవే గానీ యజమానులు లేనివి కావు. మన 1957 నాటి కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములను సాహిత్య రచనలతో సమానంగా చూస్తుంది. న్యాయంగా కొన్నవాడు పోతుందేమోనన్న జాగ్రత్త కోసం ఒక నకలు తీసి పెట్టుకోవడాన్ని అందులోని 52వ సెక్షను అనుమతిస్తుంది, వేల ఆటలు దించుకుని పంచడాన్ని అనుమతించదు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మీద హక్కులు ఇంకా చెల్లుతూనే ఉన్నాయి. మనం చిన్నప్పుడు పండగ డబ్బులతో కొన్న ‘9999 ఇన్ వన్’ క్యాసెట్లే దొంగ నకళ్లన్నది నిజం, నేనూ వాటితోనే పెరిగాను కనుక మీ మీద రాయి వేయలేను. అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకానికే దొరకడం లేదని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. నకళ్లు తీసి దాచేవారు లేకపోతే అవి పోతాయన్న మీ బాధ కూడా సబబే. అయినా ఊరి పిల్లలను పిలిచి బోర్డు పెట్టి నడిపే గదిలో, మీ దగ్గర ఉన్న క్యాసెట్లనే ఆడించండి. ఆ పాత పెట్టెల కోసమే ఇప్పటికీ కొత్త ఆటలు రాసి, కొన్నిటిని ఉచితంగా ఇచ్చేవారు ఉన్నారు. ఇంజనీరింగ్ చదువుతున్నారు కనుక, రెండు కిలోబైట్ల మెమరీలో ఆట రాయడం ఎలాగో మీరే ప్రయత్నించి చూడవచ్చు.

ప్రశ్న: మా ఆటల బృందాన్ని రిజిస్టర్ చేయించాలా? టికెట్టు పెట్టవచ్చా? ప్రస్తుతం ఆరుగురం ఉన్నాము. – ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: టికెట్టు పెట్టవద్దు. పది రూపాయలు ఇచ్చినవాడు పది రూపాయల సేవ అడుగుతాడు, చీపురు పట్టుకోడు. ఒక డబ్బా పెట్టి, అందులో పడినదీ, కండెన్సర్లకూ టీకీ ఖర్చయినదీ ఒక కాగితం మీద రాసి నెలనెలా గోడకు అంటిస్తే చాలు. బ్యాంకు ఖాతా తెరవాలన్నా, హాలు అద్దెకు తీసుకోవాలన్నా రిజిస్ట్రేషన్ పనికివస్తుంది. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అందుకు కనీసం ఏడుగురు కావాలి. ఆ ఏడో సంతకం కోసం బావమరిదినో తోడల్లుడినో పిలవకండి. గత ఏడాది మీ దగ్గరికి ఆడుకోవడానికి వచ్చి, వెళ్లేటప్పుడు ఎవరూ చెప్పకుండానే వైర్లు చుట్టిపెట్టిన మనిషి ఎవరో ఒకరు ఉండే ఉంటారు, ఆయన్ను అడగండి.