అడ్వాన్సులో పెయింటింగ్ కోత

ప్రశ్న: హైదరాబాద్‌లో మూడేళ్లు అద్దెకున్న ఫ్లాటు ఖాళీ చేశాం. నెలకు 22,000, అడ్వాన్సు 44,000. పెయింటింగుకు ఒక నెల అద్దె, మెయింటెనెన్స్ బకాయి 6,500 పట్టుకుని ఓనరు 15,500 ఇచ్చారు. ఇది సబబేనా?

జవాబు: ముందు అగ్రిమెంటు తీసి చదవండి. ‘ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకు ఒక నెల అద్దె’ అని రాసి ఉండి, మీరు సంతకం పెట్టి ఉంటే వాదన బలహీనపడుతుంది. ఆ మాట లేకపోతే 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ మీకు అండ. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడు. మూడేళ్లలో వెలిసిన రంగు, క్యాలెండర్ మేకు గుంత అలాంటివే. పగిలిన వాష్‌బేసిన్, పిల్లలు గోడంతా గీసిన స్కెచ్ పెన్ను గీతలు వేరు. వాటికి న్యాయంగా అయిన ఖర్చు ఇవ్వాల్సిందే.

6,500 లెక్క అసోసియేషన్ నుంచి నెలవారీగా రాయించుకోండి. అందులో కార్పస్ ఫండ్ (భవనం పెద్ద ఖర్చుల కోసం దాచే నిధి), లిఫ్టు మోటారు మార్పిడి లాంటివి కలిసిపోతుంటాయి. అగ్రిమెంటులో మీ మీద వేయకపోతే అవి ఓనరు భరించాల్సినవి.

ఫోన్లో వాదించకండి, రుజువు మిగలదు. బిల్లులు చూపమని, 15 రోజుల్లో బాకీ చెల్లించమని ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచండి. తాళాలు ఇచ్చిన రోజు ఫోటోలు, అడ్వాన్సు బదిలీ చేసిన బ్యాంకు స్టేట్‌మెంటు జతచేయండి. స్పందన లేకపోతే లాయరు నోటీసు, ఆపైన సివిల్ దావా. డబ్బు వసూలు దావాకు సాధారణంగా గడువు మూడేళ్లు.