ముప్పై ఏళ్లకే నెలసరి ఆగిపోతే లోపం అమ్మ వైపుదేనా?

"33 ఏళ్లకే పీరియడ్స్ ఆగిపోయాయి, ఇది మీ అమ్మ వైపు నుంచి వచ్చిన లోపమని మా అత్త అంటోంది, నిజమేనా?" అని అడిగారు. మా ఇంట్లోనూ ఈ మాటే పడ్డాం. మాకు వచ్చింది నాయన వైపు నుంచి.

మాది కావలి దగ్గర పల్లె. మా చెల్లికి 31కే ఆగిపోయింది. మొదట చూపించినచోట అండాశయాల్లో నీటి బుడగలన్నారు, ఏడాది మాత్రలు మింగించారు. అత్తగారింట్లో నాగదోషమని పుట్టలో పాలు పోయించారు, పెంచలకోనకు మొక్కుకున్నారు. మొక్కులను నేను తప్పుపట్టను. అండాశయాలు పనిచేస్తున్నాయో లేదో చెప్పే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే ఒక్క రక్తపరీక్ష రాయని ఆ డాక్టరు మీదే నాకు ఇప్పటికీ కోపం.

చివరికి నెల్లూరులో ఒక డాక్టరమ్మ ఆ పరీక్ష రెండుసార్లు చేయించి, తెల్లకాగితం మీద మా కుటుంబమంతా గీశారు. ఆడవాళ్లకు సున్నాలు, మగవాళ్లకు గళ్లు. అమ్మ వైపు అందరికీ 48, 50 దాకా వచ్చింది. నాయన వైపు అడిగేసరికి అమ్మ గొంతు తగ్గించి, "మా వదినకు ముప్పై ఆరుకే ఆగిపోయిందమ్మా, ఎవరికీ చెప్పొద్దంది" అంది. ఆమెకు పిల్లలా? "ఒక్కడే కొడుకు. పాతికేళ్లొచ్చినా మాట సరిగా రాదు. చిన్నప్పుడు జ్వరం తలకెక్కిందన్నారు." డాక్టరమ్మ ఆ గడి చుట్టూ ఇంకో గీత గీశారు.

ఎక్స్ క్రోమోజోమ్ మీద ఎఫ్‌ఎంఆర్1 అనే జన్యువు ఉంటుంది. అందులో ఒక ముక్క 55 నుంచి 200 సార్లు తిరిగి తిరిగి వచ్చిన ఆడవాళ్లలో సుమారు అయిదుగురిలో ఒకరికి 40 లోపే అండాశయాలు పనిచేయడం తగ్గిపోతుంది. ఆ లెక్క 200 దాటి పుట్టిన మగపిల్లల్లో బుద్ధిమాంద్యం వస్తుంది. మగవాడికి ఉండేది ఒక్కటే ఎక్స్ కాబట్టి అది కూతుళ్లందరికీ వెళ్తుంది. అంటే నాయన నుంచి చెల్లికే కాదు, నాకూ వచ్చింది. పరీక్షలో తేలింది కూడా. నాకు 38, ఇంకా నెలనెలా వస్తోంది.

రిపోర్టు విన్నాక నాయన రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. అన్నేళ్లు మాటలు పడ్డ అమ్మే పక్కన కూర్చుని తినిపించింది.

మీరు క్యారియోటైప్ అనే క్రోమోజోముల పరీక్ష, ఎఫ్‌ఎంఆర్1 పరీక్ష రెండూ చేయించమని అడగండి. టర్నర్ (ఆడవాళ్లలో ఒక ఎక్స్ లేకపోవడం) లాంటి ఎక్స్ క్రోమోజోమ్ తేడాలు క్యారియోటైప్‌లో తెలుస్తాయి. పిల్లల సంగతి తర్వాత, ముందు ఎముకలు గుల్లబారకుండా హార్మోన్ మాత్రల గురించి మాట్లాడండి. మా చెల్లిని దాదాపు 50 దాకా వాడమన్నారు. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు మీ మేనత్తలను పక్కకు పిలిచి, ఏ వయసులో ఆగిపోయిందో అడిగి రాసుకోండి.